సగము చదువు ఎవరి సొత్తు?

(మన్యపు విద్యార్థులును పెద్దలును కూడిన సభలో చేసిన ప్రసంగము)



ఒక విశ్వవిద్యాలయమున డిగ్రీ చదువు మొదలుపెట్టి, నడుమ వేరొక విశ్వవిద్యాలయమునకు మారదలచిన విద్యార్థినిగూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. విషయము చిన్నదిగ తోచును. మైదానపు పట్టణములలో అది నిజముగ చిన్నదియే కావచ్చును. తండ్రి నాలుగుమారులు ఆఫీసు మెట్లెక్కును, ఎరిగిన గుమాస్తా ఒకడు దారి చెప్పును, పని నెరవేరును. అరకులోయలోను, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మన్యములలోను అట్లు కాదు. ఇచ్చట ఆ మార్పు సరిగ జరిగినచో ఒక యింటికి మొదటి పట్టభద్రుడు లభించును. జరుగనిచో చదువే ఆగిపోవును. కావున అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. విద్యార్థి చదివి, పరీక్ష వ్రాసి, నెగ్గిన ఆ సగము చదువు ఎవరి సొత్తు? విశ్వవిద్యాలయము సొత్తా, విద్యార్థి సొత్తా?

అది విద్యార్థి సొత్తేయని మా నిశ్చయము. ఆ సొత్తును వెంట గొనిపోవు హక్కు అతనికి కాగితముపై నేడు కొంత లభించినది. కార్యమున ఇంకను లభింపవలసియున్నది.

మధ్యలో మారుట ఏల, కుదురులేనివాడే కదా మారును అని కొందరందురు. ఈ కొండల నెరిగినవా రట్లనరు. దగ్గరి కళాశాలలో ఏ సబ్జెక్టు ఉన్న ఆ సబ్జెక్టు పట్టి చేరిన బిడ్డకు, ఒక యేడు గడచిన పిదప తన బుద్ధికి తగిన శాస్త్రము వేరొకచోట ఉన్నదని తెలియును. ఒకనికి వసతిగృహమున చోటు దొరకదు. ఒకనికి ఇంట తల్లి మంచము పట్టును. కాఫీపండ్ల కోతకు చేతులు చాలవు. ఇంటికి దగ్గరగ చదువవలసి వచ్చును. ఒక యాడుబిడ్డకు పెండ్లియై అత్తవారి యూరు ఘాటుకు ఆవల నుండును. ఇంట కువి భాషయో, ఆదివాసీ ఒరియాయో మాటలాడి, బడిలో తెలుగు నేర్చి, కళాశాలలో ఇంగ్లీషు పాఠమునకు తలయొగ్గిన బిడ్డ, తన భాష నెరిగిన తోడివారున్న చోటికి పోదునని కోరుట నేరమా? ఇవి చపలత్వపు లక్షణములు కావు. బ్రతుకుతెరువు తెచ్చిపెట్టు మలుపులు.

మన విశ్వవిద్యాలయముల చరిత్రయే మార్పుల చరిత్ర. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వెలువడినపుడు, అంతవరకు మదరాసు విశ్వవిద్యాలయపు చేతిక్రింద నుండిన తెలుగు జిల్లాల కళాశాలలు క్రొత్త నీడకు వచ్చినవి. 1930లో ఆ విశ్వవిద్యాలయము బెజవాడను విడిచి వాల్తేరునకు చేరినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసిన పిమ్మట గుంటూరునకు తరలి, యుద్ధానంతరము మరలివచ్చినది. పర్లాకిమిడి, బరంపురము కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయమును విడిచి, 1943లో ఏర్పడిన ఉత్కళ విశ్వవిద్యాలయమును చేరినవి. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమును, 2008లో శ్రీకాకుళమున డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమును వెలసి, ఆయా ప్రాంతపు కళాశాలలకు క్రొత్త పోషకులైనవి.

ఇట్లు కళాశాల చేతులు మారినపుడెల్ల, అందు చదువుచున్నవారు తమ కోర్సును ముగించుకొనుటకు ఏర్పాటు చేయుట విశ్వవిద్యాలయ శాసనములలో రివాజు. విద్యార్థి చదివినదంతయు వ్యర్థమని ఎవ్వరు ననరు. కళాశాల కదలినపుడు చట్టము విద్యార్థిని మోయును. విద్యార్థి యొక్కడే కదలినపుడో, అతడే తన చదువును మూటగట్టి నెత్తిన మోసికొని ద్వారద్వారమును తట్టవలసియున్నది. వేయిమందికి చేసిన న్యాయమును ఒక్కనికి చేయుటకు మన సంస్థలకు బరువేల?

ఒక్కొక్కనిగ వచ్చినవారికిని న్యాయము చేయవచ్చునని మన చరిత్రయే చాటుచున్నది. 1938లో హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడుటను అధికారులు నిషేధించిరి. పాడుట మానమన్న విద్యార్థులు బహిష్కృతులైరి. చదువు నడుమ తెగిన ఆ యువకులకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచినది. అట్లు వెడలినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన 1991లో భారత ప్రధానమంత్రి యయ్యెను. గమనింపుడు: ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ; నాగపూరులో ఇంగ్లీషు. రాజ్యము వేరు, భాష వేరు, పాఠ్యక్రమము వేరు. అయినను వారు చేరిరి, చదివిరి, పట్టభద్రులైరి. చేర్చుకొనవలెనన్న సంకల్పమున్నచోట భాషాభేదము సయితము గోడ కాలేదు. ఆ సంకల్పము లేనిచోట ఒక పేపరు పేరులోని తేడాయే కోటగోడ యగును.

ఇక నేటి మన్యపు స్థితి చూతము. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రముగ అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినపుడు పాడేరు, రంపచోడవరము డివిజనులు రెండును అందు చేరినవి. అరకు, పాడేరు, చింతపల్లి కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. రంపచోడవరపు కళాశాల ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునకు అనుబంధము. ఒకే జిల్లాలో ఒక కొండనుండి వేరొక కొండకు పోయిన బిడ్డ విశ్వవిద్యాలయమునే మారవలసి వచ్చెను. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టమున వాగ్దానము చేయబడిన గిరిజన విశ్వవిద్యాలయము 2019లో విజయనగరము చేరువ కొండకరకమున, ఆంధ్ర విశ్వవిద్యాలయపు పూర్వ ప్రాంగణమున మొదలైనది. స్వంత ప్రాంగణమునకు మర్రివలసయొద్ద 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగినది. సరిహద్దున కావల కోరాపుట్టున 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసినది.

మన్యము చుట్టును ఇన్ని విద్యాలయములున్నవి. వానినడుమ దారి ఏది? 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయములలో డిగ్రీ ప్రవేశమునకు సి.యు.ఇ.టి. అను ఉమ్మడి పరీక్ష కలదు. అది మొదటి సంవత్సరపు వాకిలి. అరకులో ఒక యేడు నెగ్గి, రెండవ యేట గిరిజన విశ్వవిద్యాలయమును చేరదలచినవాడు మరల మొదటి తరగతిలో కూర్చుండవలెనన్న, ఆ యేటి కష్టమును ఎవరు చెల్లింతురు?

ఇట్టి నష్టము కలుగరాదనియే 2020 జాతీయ విద్యావిధానము తలచినది. దాని ననుసరించి యు.జి.సి. 2021లో క్రెడిట్ల ఖజానాను నెలకొల్పినది. దానినే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అందురు. విద్యార్థి నెగ్గిన ప్రతి పేపరునకు ఇన్ని క్రెడిట్లని లెక్కగట్టి, అతని పేర నున్న ఖాతాలో విద్యాసంస్థ జమకట్టవలెను. అతడు వేరొక సంస్థకు పోయినపుడు ఆ క్రెడిట్లను వాడుకొనవచ్చును. అవి గరిష్ఠముగ 7 సంవత్సరములు నిలుచును. ఇది మేలైన యేర్పాటు. చదువు విద్యార్థి సొత్తేయని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు.

అయినను ఖాతాలో జమ యుండుట వేరు, ఆ జమ వేరొక యంగడిలో చెల్లుట వేరు. మొదటి షరతు: డిగ్రీ నిచ్చు సంస్థలోనే సగమునకు తక్కువగాకుండ క్రెడిట్లు సంపాదింపవలెనని 2021 నిబంధనలు చెప్పుచున్నవి. మూడేండ్ల డిగ్రీకి ఆరు సెమిస్టర్లు. నాలుగు ఒకచోట చదివి, కడపటి రెండింటికి వేరొకచోట చేరినచో అచ్చట సగము నిండదు. కావున మారదలచినవాడు మూడవ సెమిస్టరు ముగియులోపల నిశ్చయించుకొనవలెను. ఈ యొక్క సంగతి ముందుగ తెలియక పోయిన, తరువాత ఎంత వగచినను ఫలము లేదు. రెండవ షరతు: క్రొత్త సంస్థలో సీటుండవలెను, పాత పేపరు క్రొత్త పేపరునకు సమానమని అచ్చటి పెద్దలు ఒప్పవలెను. ఇచ్చటనే బండి దిగబడును. అరకునుండి విశాఖపట్టణము ఇంచుమించు 115 కిలోమీటర్లు, అందు సగము ఘాటుదారి. ఒక సంతకమునకు పోయిరాగా ఒక దినము పట్టును. సంతకము పెట్టువాడు సెలవులో నున్న, రెండవ దినము. కూలి పోయె, చార్జి పోయె, సంతకము మాత్రము రాకపోయె.

అన్నిటికన్న బరువైనది విద్యార్థివేతనము. షెడ్యూల్డు తెగల బిడ్డలకు మెట్రిక్ అనంతర విద్యార్థివేతనమే ఊపిరి. రాష్ట్రప్రభుత్వపు ముందస్తు అనుమతి లేక కోర్సు సబ్జెక్టునుగాని, విద్యాసంస్థనుగాని మార్చినచో వేతనము రద్దు కావచ్చునని ఆ పథకపు నిబంధన. సంవత్సరము నడుమ చదువు విడిచినవానినుండి ఇచ్చిన సొమ్మును తిరిగి రాబట్టు అధికారము సయితము ప్రభుత్వమునకు కలదు. ప్రజాధనము వ్యర్థము కారాదనుట న్యాయమే. కాని అనుమతి కోరిన దరఖాస్తు ఒక బల్లమీద నిద్రించుచుండగ, ప్రవేశపు గడువు వేరొక బల్లమీద ముగిసినచో, శిక్ష ఎవరికి? నిద్రించిన బల్లకా, మేల్కొని తిరిగిన బిడ్డకా?

సరిహద్దు దాటువారు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి యున్నది. అరకుకొండలలోను కోరాపుట్టు కొండలలోను ఒకే తెగలవారు, ఒకే భాష మాటలాడువారు కలరు. చట్టము మాత్రము తెగల పట్టికను రాష్ట్రమువారీగ వ్రాసినది. ఒక రాష్ట్రమున షెడ్యూల్డు తెగగ గుర్తింపబడినవాడు వేరొక రాష్ట్రమునకు వలసపోయి ఆ రాష్ట్రపు రిజర్వేషనును కోరజాలడని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ కేసు ఆంధ్రప్రదేశపు పట్టికలోని ఒక తెగవాడు బొంబాయి వైద్యకళాశాలలో సీటు కోరిన సందర్భమున పుట్టినదే. కేంద్రీయ విశ్వవిద్యాలయములలో మాత్రము ఏ రాష్ట్రపు తెగవాడైనను రిజర్వేషను పొందవచ్చును. విద్యార్థివేతనము స్వరాష్ట్రమే ఇచ్చును. కావున కొండ కావలి చదువు కోరువారు, చేరబోవు విద్యాలయము రాష్ట్రపుదా, కేంద్రపుదా అని మొదట విచారించుకొనుడు.

ఇదంతయు విన్న పట్టణవాసి, ఈ మన్యపువారికి ఎంత చేసినను చాలదని విసుగుకొనవచ్చును. అతనికి ఒక్క సంగతి జ్ఞాపకము చేయుదుము. వాల్తేరునందలి జయపుర విక్రమదేవ సైన్సు, టెక్నాలజీ కళాశాల పేరు వినియుందురు. జయపుర సంస్థానాధీశ్వరుడు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు సాలీనా లక్ష రూప్యముల దానము చేసెను. ఆ సంస్థానము కొండసంస్థానము. ఆ రాబడిలో కొండరైతు చెమట కలదు. మైదానపు బిడ్డలు ఆ కళాశాలలో రసాయనశాస్త్రము చదివిరి, భౌతికశాస్త్రము చదివిరి, ఉద్యోగము లందిరి. ఆ కొండరైతు మనుమడు నేడు చేతిలో మార్కుల కాగితముతో వాల్తేరు మెట్లెక్కి వచ్చిన, వాడు యాచకుడు కాడు. పాత బాకీ వసూలునకు వచ్చినవాడు.

కావున మేము కోరునవి నాలుగు. ఆంధ్ర, నన్నయ, అంబేద్కర్, గిరిజన విశ్వవిద్యాలయములు నాలుగును కూర్చుండి, ఏ పేపరు దేనికి సమానమో ఒక పట్టిక ముందుగనే సిద్ధపరచి, ప్రతి మన్యకళాశాల గోడమీద అంటింపవలెను. మారుటకు వచ్చిన దరఖాస్తునకు నియమితదినములలో, లిఖితముగ, కారణముతో జవాబు ఈయవలెను. "కాదు" అను మాట నోటితో చెప్పి పంపివేయరాదు. విద్యార్థివేతనపు అనుమతి, వసతిగృహపు చోటు, ప్రవేశము మూడును పాడేరు ఐ.టి.డి.ఏ. కార్యాలయమున ఒక్క బల్లయొద్ద తేలునట్లు చేయవలెను. మిగిలిపోయిన రెండవ సంవత్సరపు సీట్లెన్నియో ప్రతి యేడును ప్రకటింపవలెను. వీనిలో ఒక్కటియైన కోట్ల ఖర్చు కోరునది కాదు.

విద్యార్థులారా, మీకును నాలుగు మాటలు. క్రొత్తచోట సీటు ఖాయమని చేతికి కాగితము వచ్చువరకు పాతచోట పేరు కొట్టివేయించుకొనకుడు. టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్టు కడపట తీసికొనవలసినవి, మొదట కాదు. నెగ్గిన ప్రతి సెమిస్టరు మార్కుల జాబితాతోపాటు ఆయా పేపర్ల సిలబసు ప్రతిని దాచుకొనుడు. సమానత తేల్చువారు అడుగునది అదియే. క్రెడిట్లు మీ ఖాతాలో జమపడినవో లేవో ప్రతి సెమిస్టరునకు చూచుకొనుడు. జమపడకున్న కళాశాలనే అడుగుడు. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు పట్టియుంచరాదని యు.జి.సి. 2018లోనే ఉత్తరువు చేసినది. కావున వానిని అడుగుటకు సంకోచింపకుడు. విద్యార్థివేతనపు అనుమతికై దరఖాస్తు ఇచ్చినపుడు, అందినట్లు రసీదు పుచ్చుకొనకుండ కదలకుడు.

పఠనమందిరములలో ఈ మాటలను చదువు పట్టణపు పెద్దలారా, మీకు చేయవలసిన పని కలదు. కొండనుండి వచ్చిన బిడ్డ మీ యూరి కార్యాలయపు వరండాలో కాగితములు పట్టుకొని నిలిచియున్నచో, ఒక గడియ ఆగి, ఆ కాగితము చదివి, ఏ గదికి పోవలెనో చెప్పుడు. మైదానపు బిడ్డకు మేనమామ చేయు సాయమది. మన్యపు బిడ్డకు ఆ మేనమామ మీరు కండు. సగము దారి వాడు కాలినడకన వచ్చియున్నాడు. మిగిలిన సగమునకు దారి విడువవలసినవారము మనము.