ఎర్రర్ చూపించిన లైన్లోనే తప్పు ఉంటుందా?

ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ పార్స్ కాకపోతే తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

మన గుంటూరు మిర్చి యార్డునే ఉదాహరణగా తీసుకుందాం. ఒక కమిషన్ కొట్టువాళ్లు సీజన్ తక్‌పట్టీలన్నీ లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్ఎమ్ఎల్‌గా తీశారనుకోండి. రైతు పేరు, టిక్కీలు, తూకం, ధర అన్నీ అందులోనే ఉంటాయి. వేరే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే ఎర్రర్ వచ్చి మొత్తం ఆగిపోయింది. ఒక్క అక్షరానికి ఇంత గొడవా అంటారా? అవునండీ. హెచ్‌టీఎమ్ఎల్‌లో తప్పుంటే బ్రౌజర్ సర్దుకుపోతుంది. 1998లో వచ్చిన ఎక్స్ఎమ్ఎల్ 1.0 మాత్రం, తప్పు కనపడితే పార్సర్ మామూలుగా ముందుకి వెళ్లకూడదని రూలే పెట్టింది.

ముందుగా అనుమానించాల్సింది & గుర్తుని. కొట్టు పేర్లలో "ఫలానా & సన్స్" అని ఉంటుంది కదా, ఆ గుర్తు ఒక్కటే ఉంటే చెల్లదు. దాని వెంటనే ఏ, ఎమ్, పి, సెమీకోలన్ కూడా ఉండాలి.

రెండోది కంటికి కనపడని అక్షరాలు. 32 కంటే తక్కువ కోడ్ ఉన్నవాటిలో 9, 10, 13 మాత్రమే చెల్లుతాయి. అంటే ట్యాబ్, లైన్ మార్చే రెండు అక్షరాలు. మిగతావి ఏవి దూరినా ఎర్రరే. &#4; అని అంకెతో రాసినా ఒప్పుకోదు.

మూడోది మూయని ట్యాగ్. అసలు తికమక ఇక్కడే. రైతు పేరు ట్యాగ్ 12వ లైన్లో తెరిచి మూయలేదనుకోండి. పార్సర్‌కి ఆ విషయం తెలిసేది బిల్లు ట్యాగ్ మూసే 40వ లైన్లో. మీరు 40 దగ్గర గంటసేపు వెతికినా ఏమీ దొరకదు. ఎక్స్ఎమ్ఎల్‌లింట్ టూల్‌ని నోఅవుట్ ఆప్షన్‌తో నడిపితే తెరిచిన లైన్ నంబరు కూడా చెప్తుంది. మెసేజ్ మొత్తం చదవండి. మొదటి ఎర్రర్ సరిచేసి మళ్లీ నడపండి. కింద వచ్చే చాలా ఎర్రర్లు దాని పిల్లలే.

ఇక చాలామంది చేసే పని, రికవర్ మోడ్ పెట్టేయడం. ఫైల్ తెరుచుకుంటుంది, ఎర్రర్ పోతుంది. కానీ అర్థం కాని ముక్కని పార్సర్ వదిలేసి ఉండొచ్చు. ఆ ముక్క ఒక రైతుకి రావాల్సిన డబ్బుల లెక్క అయితే? ఎర్రర్ వస్తే కనీసం మనకి తెలుస్తుంది. లెక్క చప్పుడు లేకుండా మాయమైతే, ఆ రైతు వచ్చి అడిగేదాకా తెలియదు.

అందుకే ఫైల్ సరిచేశాక ఎన్ని బిల్లులు, ఎన్ని టిక్కీలు, మొత్తం ఎంత అన్నది పాత సాఫ్ట్‌వేర్ లెక్కతో పోల్చండి. మూడూ కలిశాకే ఎక్కించండి. ఒరిజినల్ ఫైల్ మాత్రం ముట్టుకోకండి, కాపీ మీదే పని చేయండి.

మీకు ఎదురైన ఎర్రర్ మెసేజ్ కామెంట్‌లో పెట్టండి, రైతుల పేర్లు తీసేసి. ఉంటానండీ.