రెండు బర్రెల సంసారం



తెల్లవారి తలుపు తీయగానే గుమ్మానికి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్టు ఉండాలి. అది లేకపోతే మనకు పొద్దు పొడిచినట్టే ఉండదు. మూల కత్తిరించి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాక, పొంగిపోకుండా చూసుకోవడం తప్ప ఆ పాల గురించి మనకు వేరే ఆలోచన ఉండదు. ధర పెరిగిన రోజు మాత్రం ఇరుగూ పొరుగూ కలిసి నాలుగు మాటలు అనుకుంటాం. అనుకోవడం తప్పని నేననను. ఇల్లు నడిపేవాళ్లం, అనుకోకుండా ఎలా ఉంటాం? అయితే ఆ పాలు బయలుదేరిన ఇంట్లో కూడా మనలాంటి ఇల్లాలే ఒకామె లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆమె లెక్క ఎలా ఉంటుందో ఈ వేళ కాసేపు ముచ్చటించుకుందాం.

నేను పుట్టింది మోర్తాడ్ పక్కన. నిజామాబాదు నుంచి ఆర్మూరు మీదుగా మెట్‌పల్లి, జగిత్యాల పోయే రోడ్డు మీద ఉంటుంది మోర్తాడ్. పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండే నేలలు. మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టిన ఊళ్లు. మా అక్కను అక్కడే ఒక పల్లెకు ఇచ్చారు. రెండెకరాల పొలం, రెండు బర్రెలు, ఒక దుడ్డె, నాలుగు మేకలు, కొన్ని కోళ్లు. గేదెను మా వైపు బర్రె అంటాం, దాని ఆడదూడను దుడ్డె అంటాం. కోళ్లకు మాత్రం లెక్క చెప్పలేను. పిల్లి, గద్ద, చుట్టాలు, ఈ ముగ్గురి వల్ల ఆ లెక్క ఎప్పుడూ నిలవదు.

అక్క నాలుగు గంటలకు లేస్తుంది. పొయ్యి ముట్టించక ముందే కొట్టంలోకి పోవాలి. పెండ ఎత్తి, నేల ఊడ్చి, రాత్రి నానబెట్టిన పత్తిగింజల చెక్క, తవుడు కలిపి కుడితి పెట్టి, చొప్ప వేసి, పొదుగు కడిగి, అప్పుడు దుడ్డెను వదులుతుంది. అది నాలుగు గుక్కలు తాగి తలతో పొదుగును కుమ్మితే తల్లి చేపుతుంది. చేపడం అంటే పాలు చన్నుల్లోకి దిగడం. దిగిన పాలు ఎంతోసేపు ఉండవు. ఆ నాలుగైదు నిమిషాల్లోనే దుడ్డెను పక్కకు కట్టి, కూర్చుని, గబగబా పిండేయాలి. చెయ్యి ఆగినా, కొత్త మనిషి వచ్చినా, కుక్క మొరిగినా బర్రె పాలు పైకి లాగేసుకుంటుంది. అందుకే మేం చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు ఆ వేళకు కొట్టం వైపు రావద్దంటుంది అక్క. కొందరు దుడ్డెతో పని లేకుండా సూది వేసి చేపిస్తారు. పాల కోసం అలా సూది వేయడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే నేరమంది. అయినా వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు.

ఆరు గంటలకల్లా పాలు కేంద్రానికి చేరాలి. సాయంత్రం మళ్లీ ఇదే వరస. పండుగ లేదు, ముట్టు లేదు, జ్వరం లేదు. మా పెద్దమ్మాయి పెళ్లికి నిజామాబాదు వచ్చి, తలంబ్రాలు కాగానే భోజనం కూడా చెయ్యకుండా మూడు గంటల బస్సు ఎక్కేసింది. వియ్యాలవారు ఏమనుకున్నారో ఏమో గానీ, బర్రె మాత్రం ఆమె కోసం చూస్తూ ఉంటుందని నాకు తెలుసు.

ఇక కేంద్రం దగ్గర సంగతి. పాలు కొలిచి, చిన్న సీసాలో కొన్ని తీసి యంత్రంలో పెడితే వెన్నశాతం అంకె కనబడుతుంది. ఎన్ని పాలు పోసినా ధర ఆ అంకె మీదే ఉంటుంది. ఆవుపాలలో వెన్న నూటికి మూడున్నర, నాలుగు పాళ్లు ఉంటే, బర్రె పాలలో ఆరు, ఏడు దాకా ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మొదట పిండిన పాలు పలుచన. చివర చన్నుల్లో మిగిలేవి చిక్కన, వెన్నంతా వాటిలోనే. ఆ చివరి పాలు దుడ్డెకు వదిలితే కేంద్రంలో అంకె పడిపోతుంది. వదలకుండా పిండేస్తే దుడ్డె ఎండిపోతుంది. మూడేళ్ల తర్వాత ఇంటికి పాలివ్వవలసింది ఆ దుడ్డే కదా! మా అక్క ఒక చన్ను పూర్తిగా దుడ్డెకు వదిలేస్తుంది. పక్కింటివాళ్ల అంకె కంటే తన అంకె తక్కువ వచ్చిన రోజు, పాలలో నీళ్లు కలిపినట్టు చూసే చూపులు కూడా భరిస్తుంది.

అదే దూడ మగదైతే కథ వేరు. ట్రాక్టరు వచ్చాక దున్నపోతుతో పనిలేదు. చాలా ఇళ్లల్లో దానికి చేపడానికి కావలసినన్ని గుక్కలే దక్కుతాయి. అంతకు మించి చెప్పాలంటే నాకు మనసొప్పదు.

అన్నట్టు, ఏడు పాళ్ల వెన్న ఉన్న పాలు మన ఇంటికి వచ్చేసరికి ఎలా మారతాయో చూడండి. ప్యాకెట్టు మీద టోన్డ్ అని ఉంటే వెన్న 3 శాతం, డబుల్ టోన్డ్ అంటే ఒకటిన్నర, స్టాండర్డైజ్డ్ అంటే నాలుగున్నర, ఫుల్ క్రీమ్ అంటే 6. చిక్కటి బర్రె పాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్లు కలిపి ఎక్కువమందికి చౌకగా అందించే ఈ టోన్డ్ పాల ఉపాయం మన దేశంలోనే, బొంబాయిలో 1940లలో పుట్టింది. దారా ఖురోడీ అనే ఆయన దీనికి ఆద్యుడు. 1963లో కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్ గార్లతో కలిపి ఆయనకు రామన్ మెగసెసే బహుమతి ఇచ్చారు. కనుక టోన్డ్ పాలంటే కల్తీ పాలని బెంగ పెట్టుకోకండి. పెరుగు గడ్డగా తోడుకోవాలంటే మాత్రం ఫుల్ క్రీమ్ తెచ్చుకోవాలి, అంతే.

రెండు బర్రెలున్నాయి కదా, ఏడాది పొడుగునా రెండింటి పాలూ వస్తాయనుకుంటాం. రావు. ఈనిన తర్వాత తొమ్మిది, పది నెలలు ఇస్తుంది. సూడి మోసేది పది నెలల పైమాటే. ఈనడానికి ముందు రెండు నెలలు పిండకుండా వదిలెయ్యాలి. పైగా బర్రె ఎదకు వచ్చిన సంగతి ఆవులాగా అరిచి చెప్పదు. చాలాసార్లు రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి పోతుంది. ఆ పూట కనిపెట్టకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. 21 రోజుల మేత ఉత్తిదే. దాని కంటి చూపు, తోక ఎత్తే తీరు, కుడితి దగ్గర నస పెట్టడం చూసి అక్క పట్టేస్తుంది. ఇది ఏ బడిలో నేర్పారు? ఏ చిట్టాలో ఈ పనికి కూలి రాశారు? మొత్తం మీద రెండు బర్రెల ఇంట్లో పాలిచ్చేది ఒకటి, తినేవి రెండు.

మేత అంటారా, మా వైపు ఒక విచిత్రం ఉంది. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ పొలాల్లో పండే ఎర్రజొన్నలు మనుషుల తిండికి కాదు. ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసం విత్తనంగా పోతాయి. అక్కడి బర్రెల పచ్చిమేతకు విత్తనం ఇక్కడిది, ఇక్కడి బర్రెకు వేసవిలో కొనుక్కొచ్చిన వరిగడ్డి! బోధన్ వైపు మా చిన్నమ్మ వాళ్లకు చెరుకు నరికే రోజుల్లో చెరుకు కొనలు మేతకు దొరికేవి. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డాక వాళ్ల ఊళ్లో చెరుకు వేసేవాళ్లే తగ్గిపోయారు, ఆ మేతా పోయింది.

ఆ జొన్నే ఒకసారి అక్క కొంప ముంచింది. జొన్న కోశాక మోళ్ల నుంచి పచ్చగా పిలకలు వస్తాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో అంత విషం. లేత జొన్నలో, ఎండకు వాడిన జొన్నలో సైనైడు జాతి విషం ఉంటుంది. పూత పూశాక తగ్గుతుంది గానీ, ముందు తింటే పశువు నిలబడ్డచోటే పడిపోతుంది. 2014లో పలుపు తెంచుకుని పోయిన బర్రె పక్క చేలో పది నిమిషాలు మేసిందట. ఎగరొప్పుతూ ఇంటిదాకా వచ్చి వాకిట్లో కూలిపోయింది. వెంటనే డాక్టరు వచ్చి విరుగుడు సూది వేస్తే బతికే వీలుంది. కానీ ఆ వెంటనే అన్నది ఎక్కడ? బావ అప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. ఈనడానికి నెలరోజులున్న బర్రె. అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత 2017లో మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల వైద్యుల బండి ఊరికి వచ్చే ఏర్పాటు మొదలైంది. 2019 నుంచి దేశమంతటా గాలికుంటు టీకాలు ప్రభుత్వ ఖర్చుతోనే వేస్తూ, పశువు చెవికి 12 అంకెల నంబరున్న పసుపు బిళ్ల వేస్తున్నారు. మా అక్క బర్రెలకూ ఉన్నాయి. “నా కమ్మలకన్న దీని కమ్మలే మంచిగున్నయి చెల్లె” అంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అక్క కొడుకు దుబాయిలో ఉన్నాడు. బావ నడుము నొప్పితో ఇంటికి చేరాడు. ఫోను చేసినప్పుడల్లా కొడుకు ఒకటే మాట: “బర్రెలను అమ్మేయ్ అమ్మా, నెలనెలా పైసలు నేను పంపుత. ఇంకెన్నొద్దులు ఎత్తుతవు పెండ?” వాడి ప్రేమలో తప్పు లేదు. ఖర్చు, రాబడి కాగితం మీద వేస్తే వాడన్నదే నిజంలా కనబడుతుంది. దాణా, గడ్డి, సూదిమందు పోగా మిగిలేది చూస్తే అక్క కష్టానికి కూలి కూడా గిట్టదు.

మరి అమ్మదేం? నేనూ అడిగాను. అక్క చెప్పిన మాటలు నాకు ఇంకా చెవిలోనే ఉన్నాయి. “పసుపు పైసలు ఏడాదికొక్కసారి వస్తయి. వచ్చేటాళ్లకు షావుకారి వాకిట్లనే ఉంటడు. దుబాయి పైసలు అప్పుకు పోతయి, లేకుంటే మీ బావ చేతికి పోతయి. పదిహేనొద్దులకొకపారి వచ్చే పాల పైసలే నావి. మనుమరాలికి గాజులు కావాలన్నా, నాకు మాత్రలు కావాలన్నా, నేను ఎవలను అడగాలె?”

ఆ ‘నావి’ అన్న మాట కూడా ఊరికే రాలేదు. బావ గల్ఫులో ఉన్న పన్నెండేళ్లూ పాలు పిండింది అక్క, మోసింది అక్క, కానీ కేంద్రం పుస్తకంలో పేరు బావది, డబ్బు పడేది బావ ఖాతాలో. ఊళ్లో లేని మనిషి పేరున పాలు పోసినట్టు రాసుకోవడం ఎవరికీ వింతగా తోచలేదు. ఎన్నోసార్లు తిరిగి, వేలిముద్ర వద్దని సంతకం నేర్చుకుని మరీ పేరు మార్పించుకుంది. ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు అని ఉంది. అక్కడ 2002లో మొదలైన పాల సహకార డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్లే. పాలు పోసే చెయ్యీ, పుస్తకంలో పేరూ, నిర్ణయాలు చేసే పాలకవర్గమూ అన్నీ వాళ్లవే. స్వకృషి అనే పేరుతో వాళ్ల పాలు అమ్ముతారు. మా అక్కకు ఈ సంగతి చెబితే, “గట్లనా!” అని చాలాసేపు ఊరుకుంది.

కాగితం మీద రానిది మరొకటి ఉంది, పెండ. ఒక్కో బర్రె రోజుకు పదిహేను, ఇరవై కిలోలు వేస్తుంది. రెండింటిదీ ఏడాదంతా పోగుపడితే పెద్ద కుప్ప. తొమ్మిది నెలలు భూమిలో ఉండే పసుపుకు ఆ ఎరువే ప్రాణం. బర్రెలు లేనివాళ్లు ఎరువు ట్రాక్టర్ల లెక్కన కొనుక్కుంటారు, లేదా గొర్రెల మంద కట్టించుకుని గొల్లవాళ్లకు డబ్బిస్తారు. కొడుకు వేసిన లెక్కలో ఈ పద్దు లేదు. నేను గుర్తుచేస్తే, “అది పిన్నీ, బ్యాంకుల పడదు కదా” అని నవ్వాడు.

అయితే అక్కకు యాభై దాటాయి. మోకాళ్లు పట్టేస్తున్నాయి. కోడలు నిజామాబాదులో నర్సు పని చేస్తోంది, కొట్టంలోకి రాదు. రమ్మనడం న్యాయమూ కాదు. అక్క కూడా రమ్మనలేదు. ఒక బర్రెను అమ్మి ఒకటి ఉంచుకోమని నేనన్నాను. ఒంటి బర్రె అయితే అది వట్టిపోయిన రోజుల్లో కేంద్రానికి పోసేందుకు చుక్క ఉండదు, పేరు కొట్టేస్తారేమోనని ఆమె భయం. మాట ఇంకా తేలలేదు.

సూడి బర్రె ఈ నెలాఖరుకు ఈనుతుందట. జున్నుపాలు పంపిస్తానని కబురు చేసింది. మొదటి రెండు రోజులవి పంపొద్దని చెప్పాను. పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడకపోతే దూడకు రోగాలను తట్టుకునే శక్తి రాదు. మూడోనాటి పాలు పంపితే చాలు, రెండో రోజు పాలంత గట్టిగా కాకపోయినా జున్ను అవుతుంది. బెల్లం, మిరియాలు, ఏలకులు దంచి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆర్మూరు బస్సులో డ్రైవరు పక్కన చిన్న క్యాను వస్తుంది. పోయి తెచ్చుకోవాలి.