సన్నని దేహములో దాగిన క్రొవ్వు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



"మా అబ్బాయి సన్నగానే యున్నాడండీ, వానికి క్రొవ్వు సంగతి యెందుకు?" అని మీలో పలువురు మమ్ము అడుగుచుందురు. దీనికి సమాధానము మన మహారాష్ట్రములోనే, పుణె నగరములోనే లభించినది. 2004వ సంవత్సరమున ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రము వెలువడెను. ఒకరు పుణె వాస్తవ్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు. రెండవవారు లండను వాస్తవ్యులు జాన్ యడ్కిన్‌గారు. ఎత్తునుబట్టి బరువును లెక్కకట్టు బి.ఎం.ఐ. సంఖ్య ఇరువురకును 22.3 మాత్రమే. కాని దేహములోని క్రొవ్వును కొలువగా యడ్కిన్‌గారికి నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌గారికి 21.2 పాళ్ళు తేలినది! త్రాసు ఇరువురను సమానులనియే చెప్పెను.

ఈ భేదము పుట్టుకనాడే కనబడుచున్నది. పుణె ప్రాంతపు శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులకు 3.5 కిలోలు. మన శిశువులకు కండ బాగుగా తగ్గినను, చర్మము క్రింది క్రొవ్వు అంతగా తగ్గలేదని యాజ్ఞిక్‌గారి బృందము చూపినది.

ఇక క్రొవ్వువలన కీడేమి? మన కణములు ఆహారమును ఆమ్లజనితో మండించి శక్తిని పొందుచున్నవి. పొయ్యిలో కట్టె మండునపుడు రవ్వలు చిట్లునట్లు ఇచటను కొన్ని తీక్ష్ణమైన అణువులు వెలువడును. వాటిని చల్లార్చు ఎంజైములు దేహమునందే కలవు. రవ్వలు మితిమీరి, చల్లార్చు శక్తి చాలనపుడు కణములకు కలుగు పీడకు 1985లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ ‘ఆక్సీకరణ ఒత్తిడి’ యని పేరిడెను. 2004లో జపాను శాస్త్రజ్ఞులు స్థూలకాయము గల ఎలుకలను పరీక్షింపగా, ఈ రవ్వలు విశేషముగా క్రొవ్వు కణజాలమునందే పెరుగుచున్నట్లును, చల్లార్చు ఎంజైములు అచటనే తగ్గుచున్నట్లును తేలినది. క్రొవ్వు ఊరక పడియుండు మూట కాదు. అది నిండిన కొలది ఇన్సులిన్ పని మందగించును. మధుమేహమునకు దారి యేర్పడును. ఇరువది యేండ్ల ప్రాయమున ఇదియంతయు చప్పుడు లేకుండ జరుగును, నొప్పియైనను తెలియదు.

అట్లయిన విటమిన్ బిళ్ళలు మ్రింగిన చాలదా యని మీరనవచ్చును. చాలదు సరికదా, కొన్ని యెడల చెరుపు కూడ. 2009లో జర్మనీలో కొందరు యువకులచే నాలుగు వారములు వ్యాయామము చేయించిరి. వారిలో కొందరికి ప్రతిదినము సి, ఇ విటమిన్ బిళ్ళలిచ్చిరి. బిళ్ళలు మ్రింగనివారిలో ఇన్సులిన్ పని మెరుగుపడెను. మ్రింగినవారిలో ఆ లాభము కానరాలేదు. వ్యాయామమున కొద్దిగా రేగు రవ్వలే దేహముయొక్క సొంత రక్షణను మేల్కొల్పునని వారి తలంపు. బిళ్ళలు ఆ మేలుకొలుపునే అణచివేసినట్లున్నది. జామకాయ తినుడు, ఉసిరికాయ తినుడు. వాటిని మేము వలదనము.

పదవ తరగతివారికి వ్యాయామపు పీరియడు తీసివేసి, ఆ వేళ గణితము చెప్పింపుమని ఈ యేడు కొందరు తల్లిదండ్రులు కోరిరి. మార్కులపై మీకు గల ఆదుర్దా మాకును కలదు. అయినను మేమందుకు సమ్మతింపలేదు. కూర్చుండుటయే అలవాటైన పిల్లవాడు కళాశాలకు వెళ్ళిన తరువాత ఒక్కసారిగా లేచి పరుగిడునని నమ్ముటకు మాకు ధైర్యము చాలలేదు. గణితమునకు శనివారము ప్రత్యేక తరగతి యేర్పరచితిమి.

పదునెనిమిదేండ్లు నిండిన మీ పెద్దపిల్లలకు నడుము కొలిచి చూడుడు. కడపటి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడుమ, ఊపిరి వదలిన పిమ్మట, దర్జీ టేపుతో కొలువవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మన దేశపు వైద్యులు నిర్ణయించిన హద్దు. అది మించినచో, మనిషి సన్నగా కనబడినను, వైద్యునికి చూపుడు. టేపు లేనివారికొరకు మా కార్యాలయమున ఒకటి ఉంచితిమి.