హార్నిమన్: పాలకుల జాతిలో పుట్టి పాలితుల పక్షాన నిలిచిన సంపాదకుడు

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ముంబయి ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో రైలు దిగి, జనరల్ పోస్టాఫీసును దాటి, కోట ప్రాంతంలోకి కొంత దూరం నడిస్తే ఒక వర్తులాకారపు ఉద్యానవనం, దాని చుట్టూ రాతి భవనాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ స్థలం ఎల్ఫిన్‌స్టన్ అనే ఆంగ్లేయ గవర్నరు పేరిట ఉండేది. స్వాతంత్ర్యానంతరం దానికి హార్నిమన్ సర్కిల్ అని పేరు పెట్టారు. ఒక ఆంగ్లేయుని పేరు తీసివేసి మరొక ఆంగ్లేయుని పేరే పెట్టడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగ విషయం.

బెంజమిన్ గై హార్నిమన్ 1873లో ఇంగ్లండులో జన్మించారు. తండ్రి బ్రిటిష్ నౌకాదళంలో ఉన్నతోద్యోగి. కుమారుడు మాత్రం కలాన్నే ఎంచుకున్నాడు. స్వదేశంలో కొన్ని పత్రికలలో పనిచేసి, 1906లో కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రికలో ఉద్యోగిగా చేరారు. అప్పటికి బెంగాలు విభజన జరిగి ఎంతో కాలం కాలేదు. స్వదేశీ ఉద్యమంతో వీధులు మారుమ్రోగుచున్నవి. అటువంటి సమయంలో ఇక్కడ అడుగుపెట్టిన ఆంగ్లేయ పాత్రికేయునికి రెండు మార్గాలున్నవి: క్లబ్బులో కూర్చుండి పాలకుల మాటలు వ్రాయుట ఒకటి, వీధిలోకి వచ్చి ప్రజల మాట వినుట రెండవది. హార్నిమన్ రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు.

1913లో సర్ ఫిరోజ్ షా మెహతా బొంబాయి క్రానికల్ దినపత్రికను స్థాపించి, హార్నిమన్‌ను సంపాదకునిగా నియమించారు. ఆ కాలంలో బొంబాయికీ తెలుగు పత్రికలకూ సంబంధం లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో ఆ నగరంలోనే వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయినది. ఈ పత్రికలన్నిటి మెడపైనా వ్రేలాడిన కత్తి 1910 నాటి ప్రెస్ చట్టం. క్రొత్తగా అచ్చుయంత్రం పెట్టే వానినుండి 500 రూపాయల నుండి 2,000 రూపాయల వరకు ధరావతు కోరవచ్చును. వ్రాసినది ప్రభుత్వానికి నచ్చకపోతే ఆ సొమ్మును జప్తు చేయవచ్చును. మరల తెరవాలంటే 10,000 రూపాయల వరకు కట్టమనవచ్చును. చిన్న పత్రిక నోరు నొక్కడానికి చెరసాల అవసరం లేదు, ఈ జప్తు చాలును.

ఈ చట్టాన్ని ఒంటరిగా ఎదిరించలేమని హార్నిమన్ గ్రహించారు. 1915లో ప్రెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే పాత్రికేయుల సంఘాన్ని స్థాపించి, దాని అధ్యక్షునిగా వైస్రాయికీ బొంబాయి గవర్నరుకూ విజ్ఞప్తులు పంపారు. మనవంటి వారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. ఎంత గొప్ప కలమైనా సంఘబలం లేనిదే నిలువదని ఆయన ఆనాడే తెలుసుకున్నారు. శ్రామిక పాత్రికేయుల అఖిల భారత సమాఖ్య 1950లో గాని ఏర్పడలేదు. వారి సేవా నిబంధనలకు చట్టం 1955లో గాని రాలేదు.

అనీబిసెంటు హోంరూలు లీగులో హార్నిమన్ ఉపాధ్యక్షులు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీజీ సత్యాగ్రహ సభను నెలకొల్పినపుడు అందులోనూ ఉపాధ్యక్షులు. ఆ ఏప్రిల్ నెలలో ఏమి జరిగినదో మనం మన శాఖల కన్నుతో చూడవలెను. పంజాబుకు బయలుదేరిన గాంధీజీని పల్వల్ రైల్వే స్టేషనులో దింపి వెనుకకు పంపారు. ఏప్రిల్ 13న అమృత్‌సర్ జలియన్‌వాలా బాగులో డయ్యరు సైనికులు పది నిమిషాల పాటు 1,650 తూటాలు కాల్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. ఆ లెక్కను ప్రజలు ఎన్నడూ నమ్మలేదు. ఆ వెంటనే సైనిక శాసనం వచ్చినది. ఆ ప్రాంతంలో మూడవ తరగతి రైలు టిక్కెట్ల అమ్మకాన్ని కట్టడి చేశారు. వార్తలపై నిఘా పెట్టారు. లాహోరులోని ట్రిబ్యూన్ సంపాదకుడు కాళీనాథ్ రాయ్‌ని సైనిక శాసనం క్రింద శిక్షించారు. ప్రభుత్వం నేరాన్ని దాచదలచినపుడు మొదట పట్టుకొనేది రైలునూ, టపానూ, తంతినీ, పత్రికనే.

మారణకాండ జరిగిన పదమూడు రోజులకు, ఏప్రిల్ 26న, హార్నిమన్‌ను బొంబాయిలో పట్టుకొని ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపివేశారు. విచారణ లేదు, న్యాయస్థానం లేదు. ప్రయోగించినవి యుద్ధం పేరు చెప్పి చేసిన భారత రక్షణ నిబంధనలు. క్రానికల్ కొంతకాలం మూతపడినది. ఆ లోటును తీర్చుటకే యంగ్ ఇండియా పత్రికను వారానికి రెండుసార్లు వెలువరించి, దాని బాధ్యతను గాంధీజీకి అప్పగించారు. ఒక పత్రిక గొంతు నొక్కితే మరొకటి పలికినది.

హార్నిమన్ లండనులోనూ ఊరకుండలేదు. అక్కడి కార్మిక పత్రిక డెయిలీ హెరాల్డు ద్వారా పంజాబు దురంతాలను ఆంగ్లేయ శ్రామికులకు తెలిపారు. 1920లో అమృత్‌సర్ మారణకాండపై ఒక గ్రంథం ప్రచురించారు. తిరిగి రావడానికి ఏళ్ల తరబడి అనుమతి దొరకలేదు. చివరకు 1926 జనవరిలో మరల ఈ దేశానికి చేరుకొని, క్రానికల్ సంపాదకత్వం స్వీకరించారు. తరువాత సొంతంగా ఇండియన్ నేషనల్ హెరాల్డు నడిపారు. 1933 నుండి పన్నెండేళ్లపాటు బొంబాయి సెంటినెల్ అనే సాయంకాల పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. 1941లో కరంజియా ప్రభృతులతో కలిసి బ్లిట్జ్ వారపత్రికకు పునాది వేశారు. స్వతంత్ర భారతాన్ని కన్నులారా చూచి 1948లో కన్నుమూశారు.

సోదరులారా! దొరలలోనూ మంచివారున్నారని చెప్పుకొని తృప్తిపడుటకు నేను ఈ కథ చెప్పలేదు. ఆయనపై ప్రయోగించిన అస్త్రం తెల్లవారితోనే పోలేదు కనుక చెప్పుచున్నాను. 1974 మే నెలలో పదిహేడు లక్షల రైల్వే కార్మికుల సమ్మెను చట్టవిరుద్ధమని ప్రకటించినది కూడా భారత రక్షణ నిబంధనల పేరిటనే. 1960 జూలైలో తంతి తపాలా, రైల్వే ఉద్యోగులు తోటి కేంద్ర ప్రభుత్వోద్యోగులతో కలిసి సమ్మె చేసినపుడు దానిపై అత్యవసర సేవల ఆర్డినెన్సు వచ్చినది. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితితో పాటు పత్రికలకు సెన్సారు వచ్చినది. శత్రువు కోసమని చేసిన చట్టం చివరకు స్వదేశపు శ్రామికునిపైననే పడుట మన చరిత్రలో మరల మరల కనబడుచున్నది.

కనుక పాత్రికేయుని స్వేచ్ఛ వేరు, కార్మికుని హక్కు వేరు అని మనలో ఎవరూ భావించరాదు. మన సమ్మె వార్త అచ్చుకాని నాడు మన సమ్మె సగం ఓడినట్లే. పత్రికపై వేటు పడినపుడు అది మనకెందుకని మౌనం వహిస్తే, రేపు మనపై వేటు పడినపుడు వ్రాసే చేయి మిగలదు. ఏ దేశంలో పుట్టారన్నది కాదు, ఎవరి పక్షాన నిలిచారన్నది ప్రధానమని హార్నిమన్ జీవితం చెప్పుచున్నది. మన శాఖలలో ఈ మాటను చర్చించండి, క్రొత్తగా చేరిన యువ ఉద్యోగులకు చెప్పండి.

 కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.