సర్వర్ మదర్‌బోర్డు కొనేముందు

లైనక్స్ సర్వర్ సొంతంగా కూర్చుకునేవాళ్లు ముందు ప్రాసెసర్ చూస్తారు. తర్వాత ఇబ్బంది పెట్టేవి మాత్రం మదర్‌బోర్డు మీది చిన్నచిన్న చిప్పులే.

మొదట నెట్‌వర్క్ చిప్ పేరు చూడండి. ఇంటెల్ ఐ210 అయితే, దానికి కావలసిన ఐజీబీ డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంది. మరీ కొత్త చిప్‌ను పాత కెర్నెల్ గుర్తుపట్టకపోవచ్చు.

రెండోది ఈసీసీ మెమరీ. డీడీఆర్4 రకంలో 64 బిట్ల డేటాకు 8 బిట్లు అదనంగా ఉంటాయి. ఒక బిట్ తారుమారైతే వాటి సాయంతో దాన్ని అప్పటికప్పుడే సరిచేయవచ్చు. ప్రాసెసర్, బోర్డు రెండూ దీనికి అనువైనవే కావాలి.

మూడోది బీఎంసీ, అంటే సర్వర్‌ను దూరం నుంచి అదుపు చేసే చిప్. దాంతో సర్వర్ ఆగిపోయినా దూరం నుంచే ఆన్ చేయవచ్చు. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు మాత్రం తగిలించకండి.

నాలుగోది రెయిడ్, అంటే పలు డిస్కులను కలిపి వాడే ఏర్పాటు. చాలా బోర్డుల్లో అది పేరుకే ఉంటుంది. పనంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది. దానికన్నా లైనక్స్ సొంత ఎండీ రెయిడ్ మేలు. బోర్డు పోయినా డిస్కులను మరో లైనక్స్ యంత్రంలో పెట్టుకోవచ్చు.

చివరగా రెడ్ హ్యాట్, ఉబుంటుల హార్డ్‌వేర్ ధ్రువీకరణ జాబితాలు తిరగేయండి. వీలైతే పెన్‌డ్రైవ్‌తో లైనక్స్ బూట్ చేసి, ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ పక్కన ఖాళీ వదిలి హైఫన్, కె కొట్టండి. ఏ పరికరానికి ఏ డ్రైవర్ పనిచేస్తోందో కనబడుతుంది. డ్రైవర్ పేరు లేనిచోట ఆరా తీశాకే డబ్బు కట్టండి.