చీటీ మన పేరున వస్తే
(రేడియో ప్రసంగ పాఠం)

ఆదివారం పూట, భోజనాల వేళ, వాతావరణ మార్పు గురించి మాట్లాడతానంటే "అబ్బా, మళ్ళీ అదేనా!" అని మీరు అనుకోవచ్చు. భయపడకండి. ధ్రువపు ఎలుగుబంట్ల గురించి చెప్పను, సైన్సు పాఠమూ చెప్పను. నేను చెప్పబోయేది మన ఇంటి సంగతే. వాతావరణం పేరు మీద మన ఇంటి బాయిలర్ గురించి, మన కారు గురించి, మన కంచంలో మాంసం గురించి, మనం ఇండియా వెళ్ళే విమానం టిక్కెట్టు గురించి ఈ దేశంలో నిర్ణయాలు జరుగుతున్నాయి. ఆ నిర్ణయాలకి ముందు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి అడిగే పద్ధతి ఒకటి వచ్చింది. అందులో మన తెలుగువాళ్ళకి చోటుందా? ఉంటే మనం వెళుతున్నామా? ఈ పూట నా ప్రశ్న అదీ.

ముందు ఇక్కడ జరిగింది చెబుతాను. 2019 జూన్‌లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. 2050 నాటికి ఈ దేశం "నెట్ జీరో" కావాలి అని. అంటే, భూమిని వేడెక్కించే వాయువులు మనం గాలిలోకి ఎంత వదులుతామో, అంతా ఏదో ఒక విధంగా వెనక్కి తీసేయాలి అన్నమాట. లక్ష్యం రాసుకోవడం తేలిక. దానికోసం ఎవరు ఏం మానుకోవాలి, ఎవరి జేబులోంచి డబ్బు పోవాలి అన్న దగ్గరే చిక్కు. అందుకని హౌస్ ఆఫ్ కామన్స్‌లోని ఆరు సెలెక్ట్ కమిటీలు కలిసి "క్లైమేట్ అసెంబ్లీ యూకే" అని ఒకటి ఏర్పాటు చేశాయి.

దానికి మనుషుల్ని ఎలా ఎంచారో వినండి. 30,000 ఇళ్ళకి ఉత్తరాలు వెళ్ళాయి. ఎవరి ఇంటికి వెళ్ళాలన్నది లాటరీ. సుమారు 1,700 మంది "మేం వస్తాం" అని జవాబిచ్చారు. వాళ్ళలోంచి మళ్ళీ ఒక లెక్క ప్రకారం తీశారు. ఆడా మగా, వయసు, చదువు, ఏ ప్రాంతం, పల్లెటూరా పట్నమా, ఏ జాతి మూలం, అన్నీ దేశం మొత్తంలో ఏ పాళ్ళలో ఉన్నాయో ఆ గదిలోనూ అవే పాళ్ళలో ఉండేట్టు చూశారు. ఇంకో ముచ్చట. వాతావరణం గురించి బెంగ ఉన్నవాళ్ళనే పిలవలేదు. "నాకేం బెంగ లేదు" అన్నవాళ్ళకి కూడా వాళ్ళ వాటా ప్రకారం చోటిచ్చారు. చివరికి 108 మంది కూర్చున్నారు. 2020 జనవరి నుంచి మే వరకు ఆరు వారాంతాలు. మొదట్లో బర్మింగ్‌హామ్‌లో కలిశారు. మధ్యలో కరోనా వచ్చిపడటంతో మిగిలింది ఇళ్ళలోంచే కంప్యూటర్ల ముందు పూర్తి చేశారు. నిపుణులు వచ్చి చెప్పారు, వీళ్ళు అడిగారు, తమలో తాము వాదించుకున్నారు, చివర రహస్యంగా ఓట్లు వేశారు. సెప్టెంబరులో నివేదిక వచ్చింది. వచ్చినవాళ్ళకి దారి ఖర్చులూ, వారాంతానికి ఇంత అని కొంత సొమ్మూ ఇచ్చారు. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు కదా!

లాటరీ వేసి మనుషుల్ని ఎంచడమేమిటి, ఇదేం చోద్యం అనుకోకండి. ఇది మన వైపు పాత పద్ధతే. తమిళనాడులో ఉత్తరమేరూరు అని ఒక ఊరుంది. అక్కడి గుడి గోడ మీద పదో శతాబ్దపు చోళుల శాసనం ఉంది. పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించి ఊరి కమిటీలకి సభ్యుల్ని ఎంచేవారు. చెరువులకి ఒక కమిటీ, తోటలకి ఒక కమిటీ. అయితే ఆ కుండలో అందరి పేర్లూ పడేవి కావు. భూమి ఉండాలి, సొంత ఇల్లు ఉండాలి, వేదం చదివి ఉండాలి. అంటే చీటీ ఎలా తీశారన్నది ఎంత ముఖ్యమో, కుండలో ఎవరి పేర్లు వేశారన్నదీ అంతే ముఖ్యం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మన తెలుగునేల మీద కూడా ఇలాంటిది జరిగింది. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. 2001 జూన్ చివర్లో మా పక్కనే అల్గోల్ అనే ఊళ్ళో "ప్రజాతీర్పు" అని ఒక సభ పెట్టారు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "విజన్ 2020" అని ఒక ప్రణాళిక వేసింది. వ్యవసాయం మీద బతికేవాళ్ళు నూటికి 70 మంది ఉంటే వాళ్ళని 40కి తగ్గించాలన్నది అందులో ఒక భాగం. ఆ ప్రణాళిక మీద తీర్పు చెప్పమని చిన్న రైతుల్ని, సన్నకారు రైతుల్ని, కూలీల్ని కూర్చోబెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మూడు రకాల భవిష్యత్తులు వీడియోలో చూపించారు. అధికారులు, కంపెనీలవాళ్ళు, యూనివర్సిటీవాళ్ళు సాక్షులుగా వచ్చి చెబితే, ఈ ఆడవాళ్ళు వాళ్ళని ప్రశ్నలు అడిగారు. ఎన్నాళ్ళనుంచో పొలంలో వంగి పనిచేసినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో మీకు తెలుసుగా! భూమి మీద బతికేవాళ్ళ సంఖ్య తగ్గించడం మాకు ఒప్పుదల కాదు, జన్యుమార్పిడి పంటలు వద్దు, మా విత్తనం, మా నేల, మా పశువులు మా చేతిలోనే ఉండాలి అని తీర్పు చెప్పారు.

దీనికీ ఇంగ్లండుకీ ఏం సంబంధం అంటారా? ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌కి పెద్ద ఎత్తున సాయం చేస్తున్నది బ్రిటన్ ప్రభుత్వమే. అందుకని 2002లో ఆ తీర్పు లండన్‌లో పార్లమెంటు దాకా వచ్చింది. ఆ సభని నడిపినవాళ్ళు ఒక పక్షం వైపు మొగ్గారని విమర్శలూ వచ్చాయి. విమర్శలు రావడం మంచిదే. సాక్షుల్ని ఎవరు ఎంచారు, ప్రశ్నని ఎవరు రాశారు అని ఎప్పుడూ అడగాల్సిందే. కానీ ఒకటి మాత్రం తేలింది. చదువు రానివాళ్ళకి పెద్ద విషయాలు అర్థం కావు అన్న మాట నిజం కాదు. టైమిచ్చి, వాళ్ళ భాషలో చెప్పి, అడగనిస్తే అర్థమవుతాయి.

సరే, ఇప్పుడు మన విమానం టిక్కెట్టు దగ్గరికి వద్దాం. క్లైమేట్ అసెంబ్లీలో 108 మందీ అన్ని విషయాలూ చూడలేదు. మూడు జట్లుగా విడిపోయారు. ప్రయాణాల సంగతి చూసింది సుమారు 35 మంది. వాళ్ళలో నూటికి 80 మంది ఒక సలహాకి ఒప్పుకున్నారు. ఎన్నిసార్లు ఎక్కితే అంత ఎక్కువ పన్ను, ఎంత దూరం పోతే అంత ఎక్కువ పన్ను ఉండాలని. ఇంతవరకు అది చట్టం కాలేదు. కానీ ఆ ఆలోచన పోలేదు, మళ్ళీ మళ్ళీ చర్చకి వస్తూనే ఉంది.

"ఎంత దూరం పోతే అంత." లండన్ నుంచి హైదరాబాదు సుమారు 7,700 కిలోమీటర్లు. ఇది మనల్ని తాకే మాట. మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మా అమ్మాయి, పదహారేళ్ళది, "నాన్నా, పన్ను వెయ్యాల్సిందే. ఒకసారి ఇండియా వెళ్ళి వస్తే మనిషికి సుమారు టన్ను కార్బన్ డయాక్సైడు. నలుగురం కదా మనం" అంది. వెంటనే మా ఆవిడ, "నానమ్మకి ఒంట్లో బాగాలేదంటే మీ నాన్న వెళ్ళొద్దా? స్పెయిన్‌కి తాగడానికి పోయేవాళ్ళూ మీ నాన్నా ఒకటేనా?" అంది. దానికి పిల్ల దగ్గర జవాబుంది. "స్పెయిన్ దగ్గరమ్మా." ఆ పూట అన్నాలు చల్లారిపోయాయి.

ఇద్దరి మాటా నిజమే. అదే చిక్కు. ఆ వారమే మా అమ్మకి ఫోన్ చేస్తే, "ఏం జెప్పాలె బిడ్డా, వాన పడితె ఒక్కటే సారి దంచి కొడ్తుంది, లేకుంటె నెల దినాలు జాడ ఉండది. కంది చేను పాడైంది" అంది. మా అమ్మని చూడటానికి నేనెక్కే విమానం పొగలో ఒక పిసరు మా అమ్మ చేను మీదకే పోతోంది. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఈ రెండు వైపులూ ఒకేసారి కనిపించవు. మనకి కనిపిస్తాయి. అందుకే ఆ 35 మందిలో మనవాళ్ళు ఒకరైనా ఉండాలి అంటాను.

ఉంటే ఏం చెబుతారు? నేనైతే ఇలా చెబుతాను. పన్ను వెయ్యండి, ఒప్పుకుంటాను. కానీ లెక్క ఒక్క ఏడాదికి కట్టకండి, అయిదేళ్ళకి కట్టండి. మాలో చాలామంది రెండు మూడేళ్ళు అసలు కదలరు. తర్వాత నాన్న ఆస్పత్రిలో ఉన్నారని ఒకసారి, కర్మకాండకి ఒకసారి, ఏడాది మాసికానికి ఒకసారి, పన్నెండు నెలల్లో మూడుసార్లు వెళతారు. అలాంటివాణ్ణి ప్రతి నెలా సరదాకి తిరిగేవాడి పద్దులో వెయ్యకండి. ఈ మాట ఏ నిపుణుడికీ తట్టకపోవచ్చు. దూరాన కన్నవాళ్ళని వదిలి వచ్చినవాడికి తడుతుంది. మామూలు మనుషుల్ని కూర్చోబెట్టడంలో ఉన్న లాభం అదే.

అయితే ఇలా చెప్పినవన్నీ జరిగిపోతాయా అంటే, లేదు. ఫ్రాన్సు సంగతి చూడండి. 2018లో ఇంధనం పన్ను మీద పసుపు కోట్లవాళ్ళు రోడ్లెక్కారు. ఆ గొడవ తర్వాత మాక్రాన్ గారు 150 మంది పౌరుల్ని లాటరీలో ఎంచి కూర్చోబెట్టారు. మీరు చెప్పింది చెప్పినట్టు ముందుకు తీసుకెళతానని మాటిచ్చారు. వాళ్ళు 2020 జూన్‌లో 149 ప్రతిపాదనలు ఇచ్చారు. రైల్లో నాలుగు గంటల్లోపు పోగలిగిన చోటికి దేశంలో విమానాలు వద్దన్నారు. 2021 చట్టంలో అది రెండున్నర గంటలైంది. ప్రభుత్వం తమ మాట ఎంత పట్టించుకుందో మార్కులు వెయ్యమంటే ఆ పౌరులు పదికి 3.3 వేశారు. మాట ఇచ్చి తప్పితే, అసలు అడగనిదానికంటే ఎక్కువ కోపం వస్తుంది.

ఐర్లండు వేరే దారిలో పోయింది. అక్కడ 99 మంది పౌరుల సభ 2017లో వాతావరణం సంగతి చూసి 13 సిఫారసులు ఇచ్చింది. కాలుష్యం ఎక్కువ చేసే పనుల మీద ఎక్కువ పన్ను కట్టడానికి మేం సిద్ధం అని నూటికి 80 మంది అన్నారు. ప్రజలు పన్నుకి ఎప్పటికీ ఒప్పుకోరు అనుకునే నాయకులకి అదొక వింత. పార్లమెంటు దానికోసమే ఒక కమిటీ వేసి ఆ సిఫారసులన్నీ చూసింది. 2019లో ప్రభుత్వ ప్రణాళిక, 2021లో చట్టం వచ్చాయి. అన్నీ జరగలేదు. కానీ "మీ మాట విన్నాం, ఇదిగో జవాబు" అనే బాధ్యత ఒకరి మీద పడింది. పౌరుల సభ పార్లమెంటుకి బదులు కాదు, ఓటు వేసి గెలిచినవాళ్ళే చివరికి నిర్ణయించాలి. అయితే ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో వాళ్ళు చెప్పి తీరాలి.

ఇప్పుడు ఉత్తరమేరూరు కుండ గుర్తుచేసుకోండి. ఈ కాలపు కుండలో మన పేర్లూ ఉన్నాయి. క్లైమేట్ అసెంబ్లీకి ముందే లీడ్స్, ఆక్స్‌ఫర్డ్, లండన్‌లో కామ్డెన్ లాంటి చోట్ల స్థానికంగా ఇలాంటి సభలు జరిగాయి. ఇంకా జరుగుతాయి. ఆ ఉత్తరం మన గుమ్మంలోనూ పడొచ్చు. పేరు ఉండకపోవచ్చు, "ఈ ఇంట్లో ఉండేవారికి" అనే ఉండొచ్చు. పిజ్జా కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వెయ్యకండి. మోసమేమో అని అనుమానం వస్తే కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. "మాకు ఇంగ్లీషు అంత ధారాళంగా రాదు" అని వెనక్కి తగ్గకండి. ఏం సాయం కావాలో ముందే అడగండి. అల్గోల్‌లో కూర్చున్న ఆడవాళ్ళకి ఇంగ్లీషు వచ్చా?

ఇంకొక చిన్న మాట. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా సరే, చట్టప్రకారం ఇక్కడ నివాసం ఉంటున్న భారతీయులకి కామన్‌వెల్త్ పౌరులుగా ఈ దేశంలో ఓటు హక్కుంది. చాలామందికి తెలియదు. చీటీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. పేరు నమోదు చేయించుకోండి, మీ ఎంపీకి మీరే ఒక ఉత్తరం రాయండి. కన్నవాళ్ళు దూరాన ఉన్నవాళ్ళ సంగతేమిటి, పన్ను వేసే ముందు మమ్మల్ని అడుగుతారా అని రాయండి. మీ అబ్బాయో అమ్మాయో దానికి ఎదురుమాట రాస్తానంటే, అదీ రాయనివ్వండి. రెండూ చేరాలి అక్కడికి.

వచ్చే వారం ఇదే సమయానికి మరొకరు మరో విషయంతో మీ ముందుకొస్తారు. సెలవు.