అణిమాండవ్యుని శాపము – బాలాపరాధము



మహాభారతము ఆదిపర్వములోని మాండవ్యోపాఖ్యానము మీరెరిగినదే. మౌనవ్రతమందున్న మహర్షి ఆశ్రమములో దొంగలు సొత్తు దాచినారు. రాజభటులు ఆయనను కూడ పట్టుకొనిపోగా, రాజాజ్ఞచే శూలమున నెక్కించినారు. తపోబలముచేత ప్రాణము పోలేదు. పిదప రాజు కాళ్లపైబడినను శూలము ఊడిరాలేదు. లోపలి మొన ఉండగనే కోయించినాడు. అందువలననే అణిమాండవ్యుడన్న పేరు. ఆయన ధర్మదేవత సభకు పోయి "నేను చేసిన పాపమేమి?" అని అడుగగా, చిన్నతనమున పురుగుల తోకలకు గడ్డిపోచలు గ్రుచ్చితివని జవాబు వచ్చినది.

మహర్షి ఆ తీర్పు నంగీకరింపలేదు. స్వల్పదోషమున కింత దండనమా యని ధర్మునే శపించినాడు. పదునాలుగేండ్ల వరకు చేసినది పాతకము కాదని మర్యాద కట్టినాడు. ఆ ధర్ముడే విదురుడై జన్మించినాడు. ధర్మాసనమే జవాబు చెప్పుకొనవలసి వచ్చినది గదా!

మన రెడ్డిగూడెము మామిడితోటల సీమ. ఒక బాలుడు కంచె దాటి కాయలు కోసినాడనుకొందము. మన యింటివాడైనచో అల్లరి యందుము. కూలివాని బిడ్డయైనచో దొంగ యందుము, చెట్టుకు కట్టుదుము, పోలీసులకు కబురంపుదుము. కాయ యొకటే, వయస్సొకటే!

2016 జనవరి 15 నుండి అమలులోనున్న బాలల న్యాయచట్టము 2015 నాటిది. పదునెనిమిదేండ్లు నిండనివానిని లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. ప్రయాణకాలము గాక 24 గంటలలో బాలల న్యాయమండలి యెదుట నిలుపవలెను. అందొక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ యిద్దరిలో ఒకరైనను స్త్రీ. మండలి మందలించి ఇంటికి పంపవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, సత్ప్రవర్తనకు పూచీ తీసికొని తల్లిదండ్రుల కప్పగింపవచ్చును. బాలునికి, సమాజమునకు హితమైనంతవరకు కోర్టు విచారణ లేకయే దారి చూపవలెనన్న సూత్రము ఆ చట్టములోనే యున్నది. మాండవ్యుని మాట ఇన్ని యుగములకు కాగితమెక్కినది!

అట్లయిన తప్పును విడిచిపెట్టుటయా? కాదు. తండ్రి ప్రక్కన నిలిచి, చేసినది తన నోటనే తోటవానికి చెప్పవలెను. నష్టమును ఇంటివారు తీర్పవలెను. బాలునకు ఇదేమియు తేలిక కాదు. అయితే ఆడపిల్లపై అఘాయిత్యము, ప్రాణహాని వంటివానిని రచ్చబండ కడ సర్దుబాటు చేయుట మహాపరాధము. అవి మండలికి చేరియే తీరవలెను.

కాపు రాకమునుపే తోటల యజమానులు కాపలావారికి ఒక్కమాట చెప్పియుంచుడు. పిల్లవాడు పట్టుబడినచో చేయిచేసికొనక, కట్టివేయక, ముందుగా వాని తల్లికి కబురు పంపవలెనని.